చెరువు బాగుచేస్తే యాసంగి సాగు పెరిగిందా? కారణాన్ని తేల్చే ఎకనామెట్రిక్స్ పని, వరుస క్రమంలో

ఎంఏ ప్రాజెక్టు చేసేవాళ్లు, పీహెచ్‌డీ వాళ్లు, స్వచ్ఛంద సంస్థల్లో సర్వే పనిలో ఉన్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: “డేటా దొరికింది, ఇప్పుడు ఏ మోడల్ పెట్టాలి?” దానికి జవాబు చెప్పాలంటే ముందు ఇంకో సంగతి తెలియాలి. మీరు పరిశీలిస్తున్న పథకం ఎవరికి ముందు అందింది, ఎవరికి తర్వాత అందింది, ఎందుకలా జరిగింది? అది తెలిస్తే మోడల్ దాదాపు దానంతటదే తేలుతుంది. తెలియకపోతే ఏ సాఫ్ట్‌వేర్ కూడా ఆదుకోదు.

ఇక్కడ ఎక్కువ భాగం ఒకే ఉదాహరణతో నడుస్తుంది: తెలంగాణ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కింద చెరువు బాగుచేస్తే దాని ఆయకట్టులో యాసంగి సాగు పెరిగిందా? రిగ్రెషన్ అంటే ఏమిటో తెలిసి, ఆర్ లేదా స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్ వాడటం వస్తే చాలు. మధ్యలో వచ్చే ఎకరాల లెక్కలు వివరణ కోసం ఊహించుకున్నవి. వాటిని ఎక్కడా ఫలితాలుగా ఉటంకించొద్దు.

## 1. ప్రశ్నను ఒక్క వాక్యంలో బిగించండి

“మిషన్ కాకతీయ ప్రభావం: ఒక అధ్యయనం” అనేది పుస్తకం అట్ట మీదికి పనికొస్తుంది, లెక్కకు పనికిరాదు. లెక్క వేయగలిగే ప్రశ్న ఇలా ఉంటుంది:

“పూడిక తీసి, కట్ట, తూము, మత్తడి బాగుచేసిన చిన్న చెరువుల కింద, ఆ పని జరగకపోయి ఉంటే సాగయ్యేదానికంటే యాసంగిలో ఎన్ని ఎకరాలు ఎక్కువ సాగయ్యాయి?”

ఇందులో “జరగకపోయి ఉంటే” అన్న ముక్కే అసలు కష్టం. బాగుచేసిన చెరువు బాగుచేయకుండా ఉంటే ఎలా ఉండేదో ఎవరూ చూడలేరు. దాని బదులు చూపించడానికి తగిన మరో చెరువును వెతకాలి. ఈ పద్ధతులన్నీ ఆ వెతుకులాటకే.

ముందుకు వెళ్లే ముందు సరిచూసుకోండి:

- యూనిట్ ఏది? (చెరువా, ఊరా, రైతు కుటుంబమా)
- ట్రీట్‌మెంట్, అంటే ప్రభావం కొలవాల్సిన పని, ఏది? (పూడికతీత ఒక్కటేనా, మొత్తం పనులా)
- ఫలితాన్ని దేనితో కొలుస్తారు? (సాగు ఎకరాలా, దిగుబడా, ఆదాయమా)
- దేనితో పోలుస్తారు? (ఇంకా పని మొదలుకాని చెరువులతోనా, ఎన్నటికీ కాని వాటితోనా)

ఒక ప్రశ్నకు ఒక ప్రధాన ఫలితం చాలు. పది ఫలితాలు పెట్టుకుంటే ఏదో ఒకదానికి నక్షత్రాలు (గణాంకపరంగా ముఖ్యమన్న గుర్తులు) రావచ్చు. దాన్నే పట్టుకుని థీసిస్ రాయాలనిపిస్తుంది.

## 2. ఎవరు ఎంచారు, ఎందుకు ఎంచారు: ఒక పేజీ రాయండి

అన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. కంప్యూటర్ తెరవక ముందే ఈ పేజీ పూర్తి కావాలి.

మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మొదలైంది. గుర్తించిన 46 వేలకు పైగా చెరువుల్లో పనులను ఏడాదికి కొన్ని చొప్పున విడతలుగా చేపట్టారు. కాబట్టి మన ప్రశ్న: మొదటి విడతలోకి ఏ చెరువులు వచ్చాయి, అవే ఎందుకు వచ్చాయి?

జవాబు ఆఫీసు ఉత్తర్వుల్లో సగమే దొరుకుతుంది. మిగతా సగం ఊళ్లో దొరుకుతుంది. నీటిపారుదల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను), అప్పటి సర్పంచ్‌ను, చెరువు నీళ్లు వదిలే నీరటిని విడివిడిగా అడగండి. ముగ్గురూ మూడు కారణాలు చెబితే కంగారు పడొద్దు, మూడూ రాసుకోండి. మామూలుగా వినిపించేవి ఇవి:

- కట్టకు గండిపడింది, వెంటనే చేయకపోతే కుదరదు.
- ఆయకట్టు పెద్దది, ఎక్కువ మందికి లాభం.
- ఎమ్మెల్యే పట్టుబట్టి పెట్టించారు.
- ఎస్టిమేట్ ముందే తయారుగా ఉంది.
- రోడ్డు దగ్గరగా ఉంది, పూడిక మట్టి తోలే ట్రాక్టర్లకు దారి ఉంది.

ప్రతి కారణం పక్కన ఒక ప్రశ్న రాయండి: ఈ కారణం, పథకం లేకపోయినా, కాలంతో పాటు సాగును మార్చేదా?

ఆయకట్టు పెద్దదా చిన్నదా, రోడ్డు దగ్గరా దూరమా అన్నవి ఏటేటా మారేవి కావు. ఒకే చెరువును ముందూ తర్వాతా పోల్చినప్పుడు వీటి బరువు చాలావరకు కొట్టుకుపోతుంది. గండి సంగతి వేరు. గండిపడిన ఏడాది సాగు అట్టడుగుకు పడిపోతుంది. ఊరివాళ్లు మట్టి బస్తాలు వేసుకున్నా మరుసటి ఏడాది కొంత లేస్తుంది. ఆ లేచినదంతా పథకం ఖాతాలో పడితే ప్రభావం లేనిపోనిదిగా పెరిగి కనిపిస్తుంది. గండిపడిన చెరువులను విడిగా గుర్తుపెట్టుకోండి. వాటితో ఒకసారి, అవి లేకుండా ఒకసారి లెక్క వేయాల్సి వస్తుంది.

అదే పేజీ రెండో సగంలో “అదే కాలంలో ఇంకేం జరిగింది” అని రాయండి. మన ఉదాహరణకు ఈ పట్టిక పెద్దదే:

- 2014, 2015 వానాకాలాల్లో దేశమంతటా వర్షం తగ్గింది. 2016లో పుంజుకుంది.
- 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు.
- 2018 మే 10 నుంచి రైతుబంధు, మొదట ఎకరాకు సీజన్‌కు 4 వేల రూపాయలు.
- 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రారంభం. అంతకుముందు నుంచే ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాలువ, దేవాదుల నీళ్లు కొన్ని చెరువులకు చేరుతున్నాయి.

రైతుబంధు భూమి ఉన్న అందరికీ వచ్చింది కాబట్టి రెండు గుంపుల చెరువులకూ దాదాపు ఒకేలా తగులుతుంది. కాలువ నీళ్లు అలా కాదు. కొన్ని చెరువులకే వస్తాయి. కాలువతో నిండే చెరువు, వానతో నిండే చెరువు ఒకే కుప్పలో ఉంటే తేలేది చెరువు పని ఫలితమో కాలువ ఫలితమో చెప్పలేం. ఈ రెంటినీ మొదటే వేరు చేయండి.

## 3. ఇప్పుడు పద్ధతి ఎంచుకోండి

పేజీ రాశాక ఎంపిక తేలిక.

లాటరీ వేసి పంచితే: నేరుగా సగటులు పోల్చండి. ఇది మన దగ్గర జరగని పని అనుకోవద్దు. 2018లో రైతుబంధు చెక్కుల పంపిణీ సమయంలో కొన్ని మండలాలను లాటరీ పద్ధతిలో ఎంచి, “రైతులకు ఫోన్ చేసి మీ పనితీరు కనుక్కుంటాం” అని అధికారులకు చెప్పారు. మిగతా మండలాలతో పోల్చి చూస్తే పంపిణీ మెరుగైంది.

మార్కుల గీతో, వయసు గీతో ఉంటే: గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లను పోల్చే రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ. పదకొండో మెట్టు చూడండి.

కొందరికి ముందు, కొందరికి తర్వాత అందితే: రెండు గుంపుల్లో వచ్చిన మార్పుల మధ్య తేడా చూసే డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్. మన చెరువుల ఉదాహరణ ఇదే.

ఒకే ఏడాది సర్వే, ముందు సమాచారం లేదు, ఎంపిక ఎలా జరిగిందో తెలియదు: కారణం జోలికి వెళ్లొద్దు. “సంబంధం కనిపించింది” అని రాసి ఆపండి. నియంత్రణ చలరాశులు (తేడాలను సరిచేయడానికి రిగ్రెషన్‌లో చేర్చే ఇతర అంశాలు) ఇరవై కలిపినంత మాత్రాన అది కారణం అయిపోదు.

## 4. డేటా పోగేయండి, కలపండి

కావలసినవి మూడు: చెరువుల పని జాబితా, సాగు కొలత, వర్షపాతం.

పని జాబితా. చెరువు పేరు, ఊరు, మండలం, విడత, ఒప్పందం తేదీ, పని పూర్తయిన తేదీ, ఖర్చు. వెబ్‌సైట్‌లో లేని భాగానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దరఖాస్తులో “పూర్తి వివరాలు ఇవ్వగలరు” అని రాస్తే ఏదీ సరిగా రాదు. కాలమ్‌ల పేర్లతో ఖాళీ పట్టిక జతచేయండి.

పథకానికి ముందు పరిస్థితి. ఐదో చిన్ననీటి వనరుల గణన 2013-14 సంవత్సరానికి సంబంధించినది, ఆరోది 2017-18కి. ఐదోది సరిగ్గా మిషన్ కాకతీయకు ముందు పడుతుంది, చెరువుల తొలి స్థితికి అది మంచి ఆధారం.

సాగు కొలత. ఊరి పహాణీల్లో పంట వివరాలు ఎంత శ్రద్ధగా రాస్తారో ఆయా ఊళ్లవాళ్లకు తెలుసు. ఉపగ్రహ చిత్రాల నుంచి పచ్చదనం సూచిక తీసుకోవడం మేలు, అదీ యాసంగికైతే మరీ మేలు: జనవరి నుంచి మార్చి దాకా మబ్బులు తక్కువ.

ఏ ఉపగ్రహం అన్నది పెద్ద నిర్ణయం. సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో బాగుంటాయి. అయితే అది ఎగిరిందే 2015 జూన్‌లో, అంటే పథకం మొదలయ్యాక. దానితో “ముందు” కాలం లేదు. మోడిస్ 2000 నుంచి ఉంది, కానీ దాని ఒక్కో గడి 250 మీటర్లు, అంటే 6.25 హెక్టార్లు. వంద ఎకరాల ఆయకట్టులో అలాంటివి ఆరు గడులు పడతాయి, అందులో సగం అంచుల్లోవే. మిగిలేది ల్యాండ్‌శాట్: 30 మీటర్ల గడి, అదే ఆయకట్టులో నాలుగు వందలకు పైగా పడతాయి. ల్యాండ్‌శాట్-5 2011 నవంబరులో ఆగింది, ల్యాండ్‌శాట్-8 చిత్రాలు 2013 ఏప్రిల్ నుంచి వస్తాయి. మధ్యలో రెండు యాసంగులకు చారలు పడిన ల్యాండ్‌శాట్-7 చిత్రాలే దిక్కు. ఉపగ్రహం మారితే కొలత కాస్త మారుతుంది, కానీ ఆ మార్పు రెండు గుంపులకూ ఒకేలా ఉంటే ఆ ఏడాది అన్ని చెరువులకూ ఉమ్మడిగా వచ్చిన మార్పులో కలిసిపోతుంది. భయపడక్కర్లేదు.

సూచిక ఏ స్థాయి దాటితే “సాగు” అనాలో ఆఫీసులో కూర్చుని నిర్ణయించొద్దు. కొన్ని ఆయకట్టులకు వెళ్లి వరి, మక్క, బీడు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్‌లో గుర్తించుకుని వచ్చి, దానితో సరిపోల్చండి. శిఖం (చెరువు నీళ్లు నిలిచే) భూమిలో మొలిచిన తుమ్మ, తుంగ కూడా పచ్చగానే కనిపిస్తాయి. ఆయకట్టు హద్దు గీసేటప్పుడు శిఖాన్ని బయటపెట్టండి.

వర్షపాతం. వాతావరణ శాఖ గడుల డేటా చాలు. మండల స్థాయి ఆటోమేటిక్ కేంద్రాల లెక్కలు దొరికితే ఇంకా మంచిది.

కలపడం. ఇక్కడ అందరికీ టెన్షన్ మొదలవుతుంది. 2016 అక్టోబరు 11న పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. పాత వరంగల్ ముక్కలైంది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేర్లు మారాయి. అంటే “వరంగల్ జిల్లా” అని ఉన్న వరుస ఏ ఏడాదిదో చూడకపోతే మూడు వేర్వేరు ప్రాంతాల్లో ఏదైనా కావచ్చు. మండలాలదీ అదే గతి. పేర్లతో కలపడం మానేసి 2011 జనగణన గ్రామ కోడ్‌ను వెన్నెముకగా పెట్టుకోండి, కొత్త జిల్లాలు, మండలాలను దానికి తగిలించండి. రామాపురం, వెంకటాపూర్, కొత్తపల్లి లాంటి పేర్లు ఎన్ని ఊళ్లకు ఉన్నాయో తెలిసిందే. ఒక్కో ఊళ్లో ఊర చెరువు, కొత్త చెరువు, పెద్ద చెరువు కూడా ఉంటాయి. చెరువుకు అక్షాంశ రేఖాంశాలు లేకపోతే ఆ వరుసను పక్కన పెట్టండి, ఊహించి కలపొద్దు.

## 5. ట్రీట్‌మెంట్ తేదీని ముందే నిర్ణయించండి

పాలనా అనుమతి, ఒప్పందం, పని పూర్తి, చెరువులో నీళ్లు చేరిన రోజు: ఈ నాలుగు తేదీలూ వేర్వేరు. ఏది తీసుకుంటారు?

పూడిక ఎండాకాలంలో తీస్తారు. వానాకాలంలో చెరువు నిండాలి. ఆ నీళ్లతో యాసంగి వేస్తారు. కాబట్టి 2016 మే నెలలో పని పూర్తయిన చెరువుకు మొదటి “తర్వాత” సీజన్ 2016-17 యాసంగి. వర్షాలు మొదలయ్యాక పూర్తయిన పనులను తర్వాతి ఏడాదికి జరపండి. రికార్డులో పూర్తయి, నేల మీద తూము పని మిగిలిపోయిన చెరువులూ ఉంటాయి, నీరటి చెప్పేది ఇక్కడ పనికొస్తుంది. ప్రధాన లెక్కకు మాత్రం రికార్డు తేదీనే వాడండి. మీకు నచ్చిన చోట తేదీ మార్చే వీలుంటే, చదివేవాళ్లు దేన్నీ నమ్మరు.

ఇప్పటిదాకా నిర్ణయించినవన్నీ తేదీ వేసి రెండు పేజీల ప్రణాళికగా గైడ్‌కు పంపండి, ఫలితాలు చూడక ముందే.

## 6. మొదటి లెక్క కాగితం మీద వేయండి

ఊహా లెక్క ఇది. బాగుచేసిన చెరువుల కింద సగటు యాసంగి సాగు ముందు 30 ఎకరాలు, తర్వాత 52. ఇంకా పని కాని చెరువుల కింద ముందు 34, తర్వాత 48.

- బాగుచేసిన వాటిలో మార్పు: 22 ఎకరాలు
- కానివాటిలో మార్పు: 14 ఎకరాలు
- తేడాల్లో తేడా: 8 ఎకరాలు

పత్రికలో “పథకంతో 22 ఎకరాలు పెరిగింది” అని వస్తుంది. అందులో 14 ఎకరాలు వాన పుణ్యం. కరువు ఏళ్లను “ముందు”గా, 2016ను “తర్వాత”గా పెట్టి చేసిన ఏ ముందు-తర్వాత పోలికైనా ఇలాగే మోసం చేస్తుంది.

ఈ 8 నిలబడేది ఒకే షరతు మీద: పని జరగకపోయి ఉంటే రెండు గుంపులూ ఒకే మోతాదులో మారేవి. ఇద్దరి స్థాయి ఒకటే ఉండాల్సిన పనిలేదు, 30 కీ 34 కీ తేడా ఉన్నా ఫర్వాలేదు. నడక ఒకటైతే చాలు.

ఈ నాలుగు సగటులూ చేత్తో వేయకుండా రిగ్రెషన్‌కు వెళ్లకండి. తర్వాత కంప్యూటర్ 80 అని చూపిస్తే ఎక్కడో డేటా రెట్టింపైందని వెంటనే తెలుస్తుంది.

## 7. రిగ్రెషన్, విడతల చిక్కు

మామూలుగా చేసేది: ప్రతి చెరువుకు ఒక స్థిర ప్రభావం (ఏటేటా మారని దాని సొంత స్థాయి), ప్రతి సంవత్సరానికి ఒక స్థిర ప్రభావం (ఆ ఏడాది అందరికీ ఉమ్మడి మార్పు), “పని పూర్తయిందా” అన్న 0/1 చలరాశి. ఆర్‌లో ఫిక్సెస్ట్ ప్యాకేజీతో ఒక్క లైను.

అందరికీ ఒకే ఏడాది పని జరిగితే ఇది సరిపోతుంది. విడతలుగా జరిగినప్పుడు ఒక చిక్కుంది. 2017లో బాగైన చెరువుకు పోలికగా ఆ లైను 2015లో బాగైన చెరువును కూడా వాడుకుంటుంది. 2015 చెరువులో ప్రభావం ఇంకా పెరుగుతూ ఉంటే (చుట్టుపక్కల బోర్లలో నీటిమట్టం లేవడానికి ఏళ్లు పడుతుంది, పూడిక మట్టి వేసిన చెల్కలూ నెమ్మదిగానే తేరుకుంటాయి) ఆ పెరుగుదల 2017 చెరువు ప్రభావంలోంచి తీసివేత అవుతుంది. నిజంగా మంచి జరిగినా తక్కువగా, ఒక్కోసారి తిరగబడి కనిపించవచ్చు.

మందు: ప్రతి విడతను ఇంకా పని కాని చెరువులతోనే పోల్చి, తర్వాత సగటు తీసే పద్ధతి వాడండి. ఆర్‌లో డిడ్ ప్యాకేజీ, స్టాటాలో సీఎస్‌డిడ్ ఆ పని చేస్తాయి. పాత పద్ధతి ఫలితం పక్కనే పెట్టి, రెండూ ఎందుకు తేడా వచ్చాయో ఒక పేరా రాయండి.

తర్వాత ఈవెంట్ స్టడీ పటం గీయండి: పని జరగడానికి నాలుగేళ్ల ముందు నుంచి నాలుగేళ్ల తర్వాత దాకా, ఏడాదికో చుక్క. ముందు ఏళ్ల చుక్కలు సున్నా దగ్గర ఉండాలి. అవి ముందే పైకి ఎక్కుతుంటే ఆ డిజైన్ పనికిరాదు. అవి సున్నా దగ్గర ఉన్నంత మాత్రాన షరతు రుజువైపోదు కూడా. చెరువులు తక్కువైతే ప్రతిదీ సున్నాకు దగ్గరగానే కనిపిస్తుంది. ముందున్న చిన్న ధోరణి తర్వాతా అలాగే సాగి ఉంటే మీ 8 ఎకరాల్లో ఎంత మిగులుతుందో లెక్క వేసి చూపండి.

మన ఉదాహరణలో ఒక విశేషం కనిపించే అవకాశముంది. 2015 ఎండాకాలంలో పూడిక తీసిన చెరువులకు ఆ వానాకాలం నీళ్లు సరిగా రాకపోతే మొదటి ఏడాది ప్రభావం సున్నా వస్తుంది. అది పథకం విఫలమైనట్టు కాదు, చెరువులోకి నీళ్లు రానట్టు. అందుకే వర్షపాతాన్ని ఊరికే నియంత్రణగా పడేయకుండా, తక్కువ వాన, మామూలు వాన, ఎక్కువ వాన ఏళ్లకు ప్రభావాన్ని విడివిడిగా చూపండి. వానను చెరువు మార్చలేదు కాబట్టి దాన్ని ఇలా వాడుకోవడంలో ప్రమాదం లేదు.

## 8. గొలుసుకట్టు చెరువులు: మన ప్రాంతపు ప్రత్యేక చిక్కు

ఏ పాఠ్యపుస్తకమైనా “ఒకరికి అందిన ట్రీట్‌మెంట్ ఇంకొకరిని తాకకూడదు” అని ఒక్క లైను రాసి దాటిపోతుంది. కాకతీయుల నాటి గొలుసుకట్టులో అది చాలాసార్లు కుదరదు. పై చెరువు మత్తడి (అలుగు) దూకితేనే కింది చెరువు నిండుతుంది. పై చెరువులో పూడిక తీస్తే అది ఎక్కువ నీళ్లు పట్టుకుంటుంది, కింది చెరువుకు తక్కువ వస్తాయి. ఆ కింది చెరువు మీ కంట్రోల్ (పోలిక) గుంపులో ఉంటే దాని సాగు తగ్గుతుంది, మీ ప్రభావం అబద్ధంగా పెరుగుతుంది. మంచి వానల ఏడాది దీనికి విరుద్ధంగానూ జరగవచ్చు: పై కట్ట గట్టిపడి గండి బెడద తగ్గితే కింది ఊరికీ మేలే.

చేయాల్సింది:

- ప్రతి చెరువు ఏ గొలుసులో ఉందో, పైన కింద ఏవో టోపోషీట్ లేదా ఎత్తుల పటం చూసి రాసుకోండి.
- ప్రధాన లెక్కలో, బాగుచేసిన చెరువుకు దిగువన అదే గొలుసులో ఉన్న చెరువులను కంట్రోల్ నుంచి తీసేయండి.
- రెండో లెక్కలో ఆ దిగువ చెరువులనే విడిగా పెట్టి, పై పని వాటికి లాభించిందా నష్టపెట్టిందా చూడండి. చాలాసార్లు థీసిస్‌లో ఇదే చదవదగ్గ అధ్యాయం అవుతుంది.

## 9. స్టాండర్డ్ ఎర్రర్లు

ఒకే చెరువు ఈ ఏటి సాగు, నిరుటి సాగు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. దీన్ని పట్టించుకోకపోతే స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) మరీ చిన్నవిగా వచ్చి, ఏ ప్రభావమూ లేనిచోట కూడా ప్రభావం ఉన్నట్టు వస్తుంది. 2004లో అచ్చయిన ఒక ప్రసిద్ధ పరిశీలనలో, ఉత్తుత్తి చట్టాలను సృష్టించి మామూలు స్టాండర్డ్ ఎర్రర్లతో పరీక్షిస్తే, 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాలు 45 శాతం దాకా వచ్చాయి.

కనీసం చెరువు స్థాయిలో క్లస్టర్ చేయండి, అంటే ఒకే చెరువు వరుసలను ఒక గుంపుగా లెక్కించండి. గొలుసు ప్రభావం ఉంది కాబట్టి గొలుసు స్థాయిలో చేయడం ఇంకా సరైంది. క్లస్టర్లు నలభై లోపు ఉంటే తక్కువ గుంపులకు సరిపోయే వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ పద్ధతి వాడండి.

ఇంటింటి సర్వే చేసేవాళ్లకు ఇదే సంగతి మరో రూపంలో: ఊరికి 20 ఇళ్ల చొప్పున 50 ఊళ్లలో 1000 ఇళ్లు తిరిగారనుకోండి. ఊరిలోపల పోలిక (ఒకే ఊరి ఇళ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే కొలత) 0.1 ఉంటే, 1 + 19 × 0.1 = 2.9. మీ 1000 ఇళ్లు దాదాపు 345 ఇళ్లతో సమానం. ఇళ్లు పెంచడం కంటే ఊళ్లు పెంచండి.

## 10. మీ ఫలితాన్ని మీరే పడగొట్టడానికి ప్రయత్నించండి

- ఉత్తుత్తి తేదీ: పని 2012లోనే జరిగినట్టు పెట్టి, 2015కు ముందు డేటాతోనే లెక్క వేయండి. ప్రభావం రాకూడదు.
- ఉత్తుత్తి స్థలం: చెరువు కట్టకు ఎత్తుమీద, నీళ్లు ఎక్కని మెట్ట భూముల్లో అదే లెక్క. అక్కడా 8 ఎకరాలు వస్తే అది చెరువు పని వల్ల కాదు. పూడిక మట్టి తోలుకున్న చెల్కలను, బోర్ల కింది భూములను ఇందులోంచి తీసేయండి.
- గండి చెరువులు లేకుండా, కాలువ చెరువులు లేకుండా మళ్లీ.
- 2018 ముందే ఆపి: 24 గంటల కరెంటు రాకముందు ఏళ్లతోనే.
- ఒక్కో మండలాన్ని తీసేస్తూ: ఒక్క మండలం తీస్తే మాయమయ్యే ఫలితం ఆ ఒక్క మండలానిదే.

## 11. కటాఫ్ గీత దొరికినవాళ్లకు

గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష మంచి ఉదాహరణ. సీటు గీతకు ఒక మార్కు పైన ఉన్న పిల్లవాడికీ, ఒక మార్కు కింద ఉన్న పిల్లవాడికీ తెలివిలో తేడా ఉండదు, చదివిన బడిలో ఉంటుంది. వరుస ఇది:

1. రిజర్వేషన్ వర్గాన్ని బట్టి, స్కూలును బట్టి గీత మారుతుంది. ప్రతి గీతను సున్నాగా మార్చుకుని అన్నింటినీ ఒకచోట చేర్చండి.
2. గీతకు అటూ ఇటూ విద్యార్థుల సంఖ్య చూడండి. గీత పైన ఒక్కసారిగా గుంపు కనిపిస్తే మార్కులతో ఎవరో ఆడుకున్నట్టు.
3. తండ్రి చదువు, కులం, ఊరు లాంటివి గీత దగ్గర గెంతు వేయకూడదు.
4. సీటు వచ్చినా చేరనివాళ్లు ఉంటారు. “సీటు వచ్చిందా”, “చేరాడా” అన్నవి వేర్వేరు కాలమ్‌లుగా పెట్టండి.
5. గీతకు అటూ ఇటూ ఎన్ని మార్కుల దాకా తీసుకోవాలన్న వెడల్పును మీరు ఎంచొద్దు, ఆర్‌డీరోబస్ట్ ప్యాకేజీని ఎంచనివ్వండి. నాలుగో ఘాతం, ఐదో ఘాతం వంపులు వద్దు, సరళరేఖ చాలు.

కల్యాణలక్ష్మికి పెళ్లికూతురు వయసు 18 నిండాలి కదా, దాన్ని గీతగా వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొద్దు. పెళ్లిని కొన్ని నెలలు జరపడం ఇంటివాళ్ల చేతిలో పని, కాగితం మీద పుట్టిన తేదీ కూడా కొన్నిసార్లు అంతే. పైగా పెళ్లి వయసు మారడమే ఆ పథకం ప్రభావం కావచ్చు. 2014 అక్టోబరులో ఎస్సీ, ఎస్టీలకు, 2016లో బీసీలకు విస్తరించిన ఆ వరుసే మీకు మంచి దారి, అంటే మళ్లీ డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్.

## 12. ఇన్‌స్ట్రుమెంట్ గురించి కొద్దిగా

వర్షపాతాన్ని ఇన్‌స్ట్రుమెంట్‌గా (కారణాన్ని కదిలిస్తూ, ఆ ఒక్క దారిలోనే ఫలితాన్ని తాకే బయటి అంశంగా) పెట్టి “పత్తి ఆదాయం పిల్లల చదువును పెంచిందా” అని లెక్క వేసే ప్రాజెక్టులు ఎక్కువగా కనిపిస్తాయి. వాన పత్తి ఆదాయాన్ని మారుస్తుంది, నిజమే. కానీ కూలి రేట్లను, మలేరియాను, బడికి వెళ్లే బాటను కూడా మారుస్తుంది. ఒకే దారిలో ప్రభావం చూపాలన్న షరతు ఇక్కడే తెగిపోతుంది. మొదటి దశ ఎఫ్ విలువ (ఇన్‌స్ట్రుమెంట్ కారణాన్ని ఎంత బలంగా కదిలిస్తుందో చెప్పే కొలత) 10 దాటితే చాలన్న పాత లెక్క కూడా ఇప్పుడు సరిపోదు. మామూలు టీ పరీక్షను యథాతథంగా నమ్మాలంటే అది 104 పైచిలుకు కావాలని 2022లో చూపించారు. అంత లేకపోతే ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమైనా నిలబడే ఆండర్సన్-రూబిన్ విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల పరిధి) ఇవ్వండి. వేరే దారి ఉన్నంతవరకు ఈ పద్ధతి జోలికి వెళ్లకపోవడమే నా సలహా.

## 13. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

తప్పు: చెరువు బాగయ్యాక తవ్విన బోర్ల సంఖ్య, వరి శాతం, ఎరువుల వాడకం నియంత్రణలుగా పెట్టడం.
దిద్దుబాటు: ఇవి పథకం వల్ల మారినవే. వీటిని పెడితే ప్రభావంలో ఒక ముక్కను మీరే కోసేస్తారు. నియంత్రణలన్నీ 2015కు ముందు విలువలే కావాలి.

తప్పు: సాగు సున్నా ఉన్న చెరువులున్నా లాగ్ తీసుకోవడం, “ఒకటి కలిపాను సార్” అనడం.
దిద్దుబాటు: ఎకరాల్లోనే ఉంచండి, లేదా ఆయకట్టులో ఎంత శాతం సాగైందో తీసుకోండి.

తప్పు: చిత్రం దొరకని ఏళ్లను సున్నాగా నింపడం.
దిద్దుబాటు: ఖాళీగా వదిలేయండి. ఖాళీలు రెండు గుంపుల్లో సమానంగా ఉన్నాయో లేదో ఒక పట్టిక ఇవ్వండి.

తప్పు: పీ విలువ 0.05 దాటితే “ప్రభావం లేదు” అని రాయడం.
దిద్దుబాటు: విశ్వాస అంతరం చూడండి. మైనస్ 1 నుంచి 17 ఎకరాల దాకా ఉంటే “తెలియలేదు” అని అర్థం. మైనస్ 1 నుంచి 1 దాకా ఉంటేనే “దాదాపు లేదు” అనొచ్చు.

తప్పు: ఎక్సెల్‌లో చేత్తో వరుసలు తీసేయడం.
దిద్దుబాటు: ముడి ఫైలును తాకొద్దు. ప్రతి మార్పూ కోడ్‌లో ఉండాలి.

## 14. ఫలితం రాయడం, ఫైలు అప్పగించడం

ఫలితం వాక్యం ఇలా ఉండాలి: “వానతోనే నిండే, గొలుసులో పైన బాగుచేసిన చెరువు లేని చిన్న చెరువుల్లో, పని తర్వాత మామూలు వాన ఏళ్లలో యాసంగి సాగు సగటున ఇన్ని ఎకరాలు పెరిగింది, విశ్వాస అంతరం ఇంత నుంచి ఇంత.” ఇది పెద్ద చెరువులకు, రామప్ప, పాకాల, లక్నవరం లాంటి వాటికి వర్తించదని అక్కడే రాయండి. ఒక ఎకరం పెరగడానికి ఎంత ఖర్చయిందో కూడా పక్కనే ఇస్తే ఆఫీసర్లు ఆ పేజీ మాత్రం చదువుతారు.

గైడ్‌కు ఇచ్చే ముందు ఫోల్డర్‌లో ఇవి ఉన్నాయా చూసుకోండి:

- ఎంపిక ఎలా జరిగిందో రాసిన పేజీ, ఎవరెవరిని అడిగారో (పేర్లు లేకుండా హోదాలు)
- తేదీ వేసిన ప్రణాళిక, తర్వాత దాన్నుంచి ఎక్కడ తప్పుకున్నారో
- ముడి డేటా, కోడ్, గ్రామ కోడ్‌ల జత పట్టిక
- నాలుగు సగటుల పట్టిక, ఈవెంట్ స్టడీ పటం
- పదో మెట్టులోని పరీక్షలన్నీ, అనుకూలించనివి కూడా
- తీసేసిన చెరువుల జాబితా, ఒక్కోదానికి కారణం